క్లస్టర్లలో నక్షత్రాలకన్నా వేడి గ్యాసే ఎక్కువట కదా, మరి డార్క్ మేటర్ అంటే ఆ గ్యాసే ఎందుకు కాకూడదు?

పెన్నగట్టు:

అందరికీ నమస్తే. నాది బీకామ్, ఫిజిక్స్ ఇంటర్‌లో కూడా లేదు, కాబట్టి డౌట్ సిల్లీగా ఉంటే తిట్టకండి. 2022 జులైలో జేమ్స్ వెబ్ మొదటి ఫోటో వచ్చింది కదా, గెలాక్సీలు వంకర గీతల్లా సాగిపోయి ఉంటాయి, అందులో ముందు కనపడేది ఒక గెలాక్సీ క్లస్టర్ (గెలాక్సీల గుంపు) అనీ దాని బరువుకి వెనకాల ఉన్న గెలాక్సీల వెలుగు వంగి అలా కనిపిస్తోందనీ, ఆ బరువులో చాలావరకు డార్క్ మేటరే అనీ అప్పట్నుంచి దొరికినవన్నీ చదువుతూనే ఉన్నా. మొన్న చదివిందేంటంటే క్లస్టర్లో గెలాక్సీల మధ్య ఖాళీ అనుకునే చోటంతా గ్యాస్ ఉందట, కోట్ల డిగ్రీల వేడి మీద, అన్ని గెలాక్సీల్లోని నక్షత్రాలన్నీ కలిపి తూచినా దానికి అయిదారు రెట్లు ఆ గ్యాసే ఉంటుందట, మామూలు టెలిస్కోప్‌కి కనపడదట.

ఇక్కడే నాకు లంకె కుదరట్లేదు. కనపడని బరువు ఏదో ఉందని 1933లో అన్నారు, తర్వాత కనపడని గ్యాస్ దొరికింది, లెక్క సరిపోయినట్టే కదా, ఇంకా డార్క్ మేటర్ అని వేరే దాన్ని వెతకడం దేనికి? రెండోది, అంతరిక్షం అంటే గడ్డకట్టే చలి అంటారు, అక్కడ పది కోట్ల డిగ్రీలు ఎలా వచ్చాయి, వేడి చేసేది ఏది? మూడోది, బుల్లెట్ క్లస్టర్ అని ప్రతి యూట్యూబ్ వీడియోలోనూ చూపించి ఇదిగో ప్రూఫ్ అంటారు, నాకైతే గులాబీ రంగూ నీలం రంగూ తప్ప అందులో ప్రూఫ్ ఏంటో అర్థం కాలా. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

గోదారోడు:

నాదీ సేమ్ డౌట్. కామెంట్ పెట్టి కూర్చుంటున్నా, ఎవరైనా రాస్తే నోటిఫికేషన్ వస్తది.

ఖగోళం మాస్టారు:

పెన్నగట్టు గారూ, బీకామ్ అని అంత మొహమాటం అక్కర్లేదు, ఆ గ్యాస్ బయటపడ్డ కొత్తలో క్లస్టర్లని పట్టి ఉంచేది ఇదేనా అని ఆ రంగంలో వాళ్లే లెక్కలేసి చూసుకున్నారు.

మొదట్నుంచి వద్దాం. ఫ్రిట్జ్ జ్వికీ అని కాల్‌టెక్‌లో పనిచేసిన స్విస్ ఆయన 1933లో కోమా క్లస్టర్‌లో గెలాక్సీలు ఎంత స్పీడులో కదులుతున్నాయో చూశాడు. కనిపించే గెలాక్సీల బరువు మాత్రమే ఉంటే ఆ వేగాలు సెకనుకి 80 కిలోమీటర్ల దగ్గర ఉండాలి, కొలిస్తే 1000 దాకా వచ్చాయి. అంత జోరుగా పోయేవి ఏనాడో చెల్లాచెదురైపోవాలి, కాలేదు, అంటే వాటిని పట్టి ఉంచే బరువు వెలుగు చూసి వేసిన అంచనాకి కనీసం 400 రెట్లు ఉండాలన్నాడు. ఆ 400లో కొంత అప్పటి దూరాల లెక్క వల్ల వచ్చింది, విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకం అప్పట్లో 558 అనుకునేవాళ్లు, ఇప్పుడు 70 చుట్టుపక్కల, ఆ ఒక్కటి సరిచేస్తేనే 400 కాస్తా 50కి దిగిపోతుంది. 50 అయినా చిన్న లోటేం కాదు.

గ్యాస్ సంగతి ఆయనకి తెలిసే దారే లేదు. కోట్ల డిగ్రీల గ్యాస్ వెలిగేది ఎక్స్-రేల్లో, ఎక్స్-రేల్ని మన గాలి నేలదాకా రానివ్వదు. 1970 డిసెంబర్లో కెన్యా తీరం నుంచి ఉహురు అనే శాటిలైట్ పైకెళ్లాకే కోమా, పెర్సియస్, విర్గో లాంటి క్లస్టర్ల ఎక్స్-రే వెలుగు ఒక్కో గెలాక్సీ నుంచి కాకుండా క్లస్టర్ అంతా పరుచుకుని ఉందని తెలిసింది. ఆ పని నడిపించిన రికార్డో జియకోనీకి 2002లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి మీరన్నట్టు కనపడని బరువులో ఒక ముక్క నిజంగానే దొరికింది. ఎంత ముక్క అన్నదే ప్రశ్న. పెద్ద క్లస్టర్ తీసుకుంటే నూటికి 2, 3 వంతులు నక్షత్రాలు, 12, 13 వంతులు గ్యాస్, మిగతా 85 దాకా ఈ రెండూ కానిది. గ్యాస్ కలిపాక లోటు తగ్గింది గానీ తీరలేదు.

ఇప్పుడు అసలు పాయింటు. ఆ గ్యాస్ లోటు తీర్చడం అటుంచి, తను నిలబడ్డానికే ఇంకో బరువు కావాలంటోంది. 10 కోట్ల డిగ్రీల గ్యాస్‌లో ధ్వని వేగం సెకనుకి 1500 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఆపేది లేకపోతే ఇంచుమించు ఆ స్పీడులోనే బయటికి వ్యాపిస్తుంది, అంటే 100 కోట్ల ఏళ్లలో 50 లక్షల కాంతి సంవత్సరాలు, క్లస్టర్ ఎల్లలు దాటి పోవాల్సిందే. క్లస్టర్లేమో అంతకన్నా చాలా పాతవి, గ్యాస్ ఇంకా అక్కడే ఉంది. అంటే బయటికి తోసే ప్రెషర్‌కి సరిసమానంగా లోపలికి లాగే గ్రావిటీ ఉన్నట్టు. ఎక్స్-రే వెలుగు ఎంతుందో చూసి గ్యాస్ ఎంత ఒత్తుగా ఉందో చెప్తారు, స్పెక్ట్రమ్ చూసి ఎంత వేడో చెప్తారు, ఈ రెండూ కలిస్తే ప్రెషర్, ప్రెషర్ కేంద్రం నుంచి అంచుకి ఎలా పడిపోతుందో తెలిస్తే గ్రావిటీ, దాన్నుంచి మొత్తం బరువు. అలా తేలిన బరువు ఆ గ్యాస్ సొంత బరువుకి ఆరేడు రెట్లు వస్తుంది. గ్యాస్ తన గురించి తనే చెప్తోంది, నన్ను పట్టుకున్నది నేను కాదు అని.

ఇదొక్కటే అయితే గ్యాస్ లెక్కలోనే ఏదో తేడా ఉందిలే అనుకోవచ్చు. కానీ గెలాక్సీల వేగాల నుంచి ఒక బరువు, గ్యాస్ వేడి నుంచి ఒక బరువు, వెనకాల గెలాక్సీల వెలుగు వంగడం నుంచి ఒక బరువు, మూడు దారులకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, అయినా మూడూ దగ్గర దగ్గరగా వస్తాయి. గ్యాస్ దారిలో పదో ఇరవయ్యో శాతం తక్కువ వస్తుందని గొడవ ఉంది, గ్యాస్ పూర్తిగా నిలకడగా ఉండదు, లోపల సుడులు తిరుగుతుంటుంది కాబట్టి. ఇరవై శాతం తేడా ఆరు రెట్లని మాయం చెయ్యదు.

సున్నా డిగ్రీలు:

మాస్టారు మొదటిది చెప్పేశారు, రెండోది నేను తీసుకుంటా.

వేడి చేసే మెషీన్ ఏదీ లేదు బ్రో, పడిపోవడమే వేడి. క్లస్టర్ అంటే వంద లక్షల కోట్ల సూర్యుల బరువు నుంచి ఇంకో పదీ ఇరవై రెట్ల దాకా ఉండే గొయ్యి అనుకో, చుట్టుపక్కల గ్యాస్ అందులోకి సెకనుకి వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల స్పీడుతో పడుతుంది, ముందే అక్కడున్న గ్యాస్‌ని గుద్దుకుంటుంది, షాక్ వేవ్ వస్తుంది, ఆ స్పీడంతా కణాల అడ్డదిడ్డం కదలికగా మారుతుంది, దాన్నే మనం టెంపరేచర్ అంటాం. లెక్క కూడా ఈజీనే, ప్రోటాన్ బరువులో ఒక 0.6 వంతు తీసుకుని (ఎలక్ట్రాన్లూ హీలియమూ కలిపితే సగటు అంతే వస్తుంది) దాన్ని సెకనుకి 1000 కిలోమీటర్ల వర్గంతో గుణించి బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో భాగించు, 7 కోట్ల డిగ్రీలు వస్తుంది. గెలాక్సీలు ఏ స్పీడులో తిరుగుతున్నాయో గ్యాస్ కణాలు కూడా ఇంచుమించు అదే స్పీడులో ఉన్నాయన్నమాట, ఎందుకంటే రెంటినీ లాగేది ఒకే గొయ్యి. కోమాలో కొలిస్తే 9 కోట్ల పైచిలుకు. సూర్యుడి నడిమధ్యలోనే కోటిన్నర, అది గుర్తుంచుకో.

చలి సంగతికొస్తే, అక్కడ ఒక్కో ఘనపు మీటర్లో ఉండేవి వెయ్యి కణాలు, కేంద్రం దగ్గర ఇంకా పదుల రెట్లు ఎక్కువ, అంతే. నీ ముందున్న గాలిలో ఒక ఘనపు మీటర్లో ఎన్నుంటాయంటే 25 పక్కన 24 సున్నాలు. కాకరపువ్వొత్తి రవ్వ వెయ్యి డిగ్రీలున్నా చేతి మీద పడితే చురుక్కుమని ఊరుకుంటుంది, అదే మరిగే నీళ్లు వంద డిగ్రీలే, పడితే బొబ్బలెక్కుతుంది, ఇదీ అంతే, టెంపరేచర్ వేరు అందులో ఉన్న మొత్తం వేడి వేరు. అక్కడ మనిషిని వదిలేస్తే గ్యాస్ వేడికి కాలడు, తన ఒంటి వేడి బయటికి పోయి గడ్డకడతాడు.

నాకు ఈ టాపిక్‌లో అన్నిటికన్నా పిచ్చెక్కించేది ఇనుము. 1976లో ఏరియల్ 5 అనే బ్రిటిష్ శాటిలైట్ పెర్సియస్ క్లస్టర్ ఎక్స్-రేల్లో ఇనుము గీత పట్టుకుంది, దాదాపు ఎలక్ట్రాన్లన్నీ ఊడిపోయిన ఇనుము, అంత వేడిలో తప్ప అలా ఉండదు. దాంతో రెండు సంగతులు తేలాయి, ఒకటి ఇది నిజంగా వేడి గ్యాసే వేరే రకం రేడియేషన్ కాదని, రెండోది ఈ గ్యాస్ అంతా బిగ్ బ్యాంగ్ నాటి కల్తీలేని సరుకు కాదని. సూర్యుడిలో ఉన్న పాళ్లతో పోలిస్తే మూడో వంతు ఇనుము ఉంది అందులో, ఇనుము నక్షత్రాల్లో, సూపర్నోవాల్లో తప్ప తయారవదు, అంటే గెలాక్సీల్లో వండిన సరుకు లక్షల కాంతి సంవత్సరాల బయటికి వచ్చి కలిసింది. పేలుళ్ల గాలికి కొంత వచ్చింది, క్లస్టర్లోకి పడే గెలాక్సీలు ఈ గ్యాస్ లోంచి దూసుకుపోతుంటే ఎదురుగాలికి వాటి గ్యాస్ ఊడిపోయి తోకల్లా వేలాడుతుంది, జెల్లీఫిష్ గెలాక్సీలు అని వెతుకు, హబుల్ ఫోటోలున్నాయి.

తోకచుక్క:

బుల్లెట్ నా ఫేవరెట్, అది నేను.

ముందు ఆ ఫోటో ఫోటో కాదని తెలుసుకోవాలి, మూడు పొరలు అతికించారు. గెలాక్సీలు మామూలు టెలిస్కోపుల్లో తీసినవి. గులాబీ రంగు చంద్ర ఎక్స్-రే అబ్జర్వేటరీ చూసిన వేడి గ్యాస్ (అవును, మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే పెట్టారు దానికి, 1999లో వెళ్లింది). నీలం రంగు ఎవరూ కెమెరాతో తీసింది కాదు, వెనకాల గెలాక్సీల ఆకారాలు ఎటు ఎంత సాగాయో వేల కొద్దీ కొలిచి, ఈ వంపు రావాలంటే బరువు ఎక్కడ ఉండాలి అని లెక్కగట్టి గీసిన మ్యాప్. ఈ విషయం ఏ వీడియోలోనూ చెప్పరు, అందుకే నీకు రంగులే కనిపించాయి.

జరిగిందేంటంటే రెండు క్లస్టర్లు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోయాయి. గెలాక్సీల మధ్య దూరాలు చాలా ఎక్కువ కాబట్టి అవి గుద్దుకోలేదు, అటువి అటు ఇటువి ఇటు వెళ్లిపోయాయి. గ్యాస్ అలా కాదు, రెండు గ్యాసులూ ఢీకొన్నాయి, స్లో అయిపోయి మధ్యలో ఉండిపోయాయి, చిన్న క్లస్టర్ గ్యాస్ ముందు షాక్ వేవ్ తూటా మొనలా ఉంటుంది, ఆ పేరు అందుకే. ఇప్పుడు నీ మొదటి ప్రశ్ననే దీని మీద పెట్టి చూడు. డార్క్ మేటర్ లేదు, కనపడని బరువంతా గ్యాసే అనుకుందాం. గ్యాస్ నక్షత్రాలకి అయిదారు రెట్లు కాబట్టి బరువు మ్యాప్‌లో శిఖరాలు గులాబీ రంగు మీద పడాలి. పడ్డాయా? లేదు, గెలాక్సీలున్న చోట పడ్డాయి, గ్యాస్‌ని వదిలేసి ముందుకి. బరువులో పెద్ద వాటా గెలాక్సీల్లాగే ఒకదాంట్లోంచి ఒకటి తగలకుండా వెళ్లిపోయింది, గ్యాస్‌లాగా ఆగలేదు. 2006లో డగ్లస్ క్లో టీమ్ వేసిన పేపర్ ఇది, గ్యాస్‌కీ బరువుకీ మధ్య ఎడం 8 సిగ్మా అని రాశారు, అంటే యాదృచ్ఛికంగా వచ్చిందనే చాన్సే లేదు.

ఇంకోటి, దీన్నుంచి డార్క్ మేటర్ గుణం ఒకటి తెలిసింది. దాని కణాలు ఒకదాన్నొకటి బాగా గుద్దుకునే రకం అయితే అది కూడా గ్యాస్‌లా వెనకబడాలి. వెనకబడలేదు కాబట్టి అవి ఒకదానికొకటి తగిలే విస్తీర్ణం గ్రాముకి దాదాపు ఒక చదరపు సెంటీమీటర్ కన్నా తక్కువే అని హద్దు పెట్టారు. 2015లో ఇలాంటి ఢీకొట్టిన కేసులు 72 కలిపి చూసి ఆ హద్దుని సగానికి దించారు.

ఎదురీత:

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను ఎదురు చెప్తా. 90 ఏళ్లుగా వెతుకుతున్నారు, భూమి లోపల గనుల్లో టన్నుల కొద్దీ జెనాన్ పెట్టుకుని కూర్చున్నారు, ఒక్క కణం దొరకలేదు. ఒకప్పుడు వెలుగు ప్రయాణించడానికి ఈథర్ అనే పదార్థం కూడా ఇలాగే ఉంది ఉంది అన్నారు. మిల్‌గ్రోమ్ 1983లోనే చెప్పాడు, గ్రావిటీ చాలా బలహీనంగా ఉన్నచోట న్యూటన్ రూల్ మారుతుంది అని, దాంతో గెలాక్సీలు తిరిగే స్పీడులు ఏ డార్క్ మేటరూ లేకుండా చక్కగా వస్తాయి, ఒకే ఒక్క స్థిరాంకంతో. ఇక మీ బుల్లెట్ క్లస్టర్, అందులో షాక్ స్పీడు సెకనుకి 4700 కిలోమీటర్లు అన్నారు కదా, మీ డార్క్ మేటర్ మోడల్‌లో అంత స్పీడు రాదు. ఆబెల్ 520 అని ఇంకో ఢీ ఉంది, అక్కడ బరువు గ్యాస్ దగ్గరే గెలాక్సీలు లేనిచోట ఉందని 2007లో వచ్చింది. దాని గురించి ఎవరూ వీడియో చెయ్యరు ఎందుకో.

తోకచుక్క:

ఎదురీత అన్నా, మంచి పాయింట్లే గానీ సగం కథ చెప్పి వదిలేశావ్. 4700 అనేది షాక్ వేవ్ ముందున్న గ్యాస్ మీదికి వెళ్లే స్పీడు, ఆ ముందున్న గ్యాస్ కూడా ఇటే వస్తోంది, సిమ్యులేషన్ చేసి చూస్తే క్లస్టర్ల అసలు స్పీడు 2700 దగ్గరకి వచ్చింది, అది మోడల్‌కి అంత కొరుకుడుపడనిదేం కాదు. ఆబెల్ 520 మీద 2012లో రెండు టీములు హబుల్ డేటాతో చూశాయి, ఒకళ్లు ఆ చీకటి ముద్ద ఉందన్నారు, క్లో వాళ్లు మాకు కనపడలేదన్నారు. అది ఇంకా తగువులో ఉన్న కేసు, దాన్ని సాక్ష్యంగా ఎవరు వాడుకున్నా తొందరే.

ఖగోళం మాస్టారు:

మిల్‌గ్రోమ్ సూత్రం గెలాక్సీల్లో పనిచేస్తుంది, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను, దాన్ని వెక్కిరించేవాళ్లకి ఆ లెక్క తెలియదు. అయితే ఎదురీత గారూ, ఈ థ్రెడ్ క్లస్టర్ల గురించి, సరిగ్గా క్లస్టర్ల దగ్గరే అది చతికిలబడుతుంది. కోమా లాంటి చోట మీ సూత్రం వేసి, గ్యాస్ మొత్తం కలిపి, నక్షత్రాలన్నీ కలిపినా ఇంకా ఇంచుమించు అంత బరువే కావాలి. ఈ సంగతి ఆ పక్షం వాళ్లే రాసుకున్నారు. ఆ ఖాళీని నింపడానికి న్యూట్రినోలు (దేనికీ పెద్దగా తగలని అతి తేలిక కణాలు) ఒక్కోటి 2 ఎలక్ట్రాన్ వోల్టుల బరువుంటే సరిపోతుందన్నారు, జర్మనీలో కాట్రిన్ ప్రయోగం 2025లో ఆ బరువు 0.45 దాటదని తేల్చింది. కాబట్టి అక్కడ కూడా కనపడనిది ఏదో కావాల్సి వస్తోంది. గనుల్లో కణం దొరకలేదన్నది నిజం. కణం ఏమిటో తెలియకపోవడం వేరు, బరువు లేదనడం వేరు.

ఎదురీత:

రెండో మాట ఒప్పుకోను గానీ న్యూట్రినో పాయింట్‌కి నా దగ్గర రెడీ జవాబు లేదు, మిల్‌గ్రోమ్ సూత్రానికి ఐన్‌స్టీన్ రిలేటివిటీతో కలిపిన కొత్త వెర్షన్లు ఉన్నాయి, చదివి వస్తా.

పెన్నగట్టు:

అబ్బ, ఇంత వస్తుందనుకోలా, థ్యాంక్స్ అండీ అందరికీ. మాస్టారూ, ఇంకొక్కటి. గ్యాస్ కాదు సరే, వేడి గ్యాస్ ఎక్స్-రేల్లో దొరికేసింది కాబట్టి. కానీ చల్లటి గ్యాస్, చచ్చిపోయిన నక్షత్రాలు, బ్లాక్ హోల్స్, గ్రహాలు, ఇలా వెలగని మామూలు సరుకే ఆ 85 వంతులూ ఎందుకు కాకూడదు? బుల్లెట్‌లో గ్రహాలూ బ్లాక్ హోల్సూ కూడా గుద్దుకోకుండా వెళ్లిపోతాయి కదా. ఇంకో డౌట్, పడేటప్పుడు వేడెక్కింది సరే, అంత వెలుగుతూ ఉంటే ఈపాటికి చల్లారిపోవాలి కదా?

ఖగోళం మాస్టారు:

భలే పట్టుకున్నారు. బుల్లెట్ ఒక్కటే చూస్తే మీరు చెప్పింది కొట్టిపారెయ్యలేం, అది గుద్దుకోనిది అని చెప్తుంది గానీ ఏమిటో చెప్పదు. దానికి వేరే చోట నుంచి లెక్క తేవాలి.

బిగ్ బ్యాంగ్ అయిన మొదటి నిమిషాల్లో హైడ్రోజన్ నుంచి డ్యుటీరియం (బరువు హైడ్రోజన్), హీలియం తయారయ్యాయి, ఎంత డ్యుటీరియం మిగిలింది అన్నది అప్పుడు మామూలు పదార్థం ఎంత చిక్కగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి డ్యుటీరియం కొలిస్తే విశ్వం మొత్తంలో మామూలు పదార్థం ఎంతో చెప్పచ్చు, అది తర్వాత గ్రహమైనా బ్లాక్ హోల్ అయినా సరే, ప్రోటాన్ న్యూట్రాన్లతో అయిందంతా ఆ లెక్కలోకి వచ్చేస్తుంది. ప్లాంక్ శాటిలైట్ మైక్రోవేవ్ నేపథ్యం (విశ్వం తొలినాటి వెలుగులో మిగిలింది) నుంచి అదే అంకె వేరే దారిలో తీసింది. విశ్వంలో ఉన్న శక్తి మొత్తంలో మామూలు పదార్థం 5 శాతం లోపు, అన్ని రకాల పదార్థమూ కలిపి 31 శాతం. అంటే మొత్తం పదార్థంలో మామూలుది ఆరో వంతు కూడా లేదు. ఇప్పుడు క్లస్టర్ చూడండి, గ్యాసూ నక్షత్రాలూ కలిపి నూటికి 15. ఇంచుమించు అదే పాలు! క్లస్టర్ అంత పెద్ద గొయ్యిలోంచి ఏదీ తప్పించుకోలేదు కాబట్టి విశ్వంలో ఏ పాళ్లలో ఉన్నాయో ఇక్కడా ఆ పాళ్లలోనే చేరాయి, మామూలు సరుకు వాటా గ్యాస్‌తోనే దాదాపు తీరిపోయింది, చచ్చిన నక్షత్రాలకి అందులో పెద్దగా చోటు లేదు.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1993లో సైమన్ వైట్, నవారో, ఎవ్రార్డ్, ఫ్రెంక్ నలుగురూ కోమా మీద ఇదే లెక్క తిరగేసి వేశారు. అప్పట్లో విశ్వంలో పదార్థం సరిగ్గా క్రిటికల్ డెన్సిటీ (విశ్వం ఫ్లాట్‌గా ఉండడానికి కావాల్సిన సాంద్రత) అంత ఉంటుందని, అంటే నూటికి నూరు, చాలామంది సిద్ధాంతకర్తలు నమ్మేవారు. వీళ్లన్నదేంటంటే కోమాలో గ్యాస్ ఇంత పాలుంది, బిగ్ బ్యాంగ్ లెక్క మామూలు పదార్థం ఇంతేనంటోంది, రెండూ నిజమైతే మొత్తం పదార్థం నూరు కాలేదు, అందులో మూడో వంతు దగ్గర ఆగాలి. సూపర్నోవాలు చూసి విశ్వం విస్తరణ వేగం పెరుగుతోందని చెప్పింది 1998లో. దానికి అయిదేళ్ల ముందే వేడి గ్యాస్ ఆ దారి చూపించింది. ఆ వేగాన్ని పెంచే డార్క్ ఎనర్జీ కథ చెప్పేవాళ్లు ఈ ముక్క ఎందుకు వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సున్నా డిగ్రీలు:

చల్లారడం గురించి: అంచుల్లో గ్యాస్ ఎంత పల్చగా ఉంటుందంటే అది చల్లారడానికి విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు కూడా చాలవు. కేంద్రంలో అలా కాదు, అక్కడ ఒత్తుగా ఉంటుంది, ఎక్స్-రే వెలుగు డెన్సిటీ వర్గంతో పెరుగుతుంది, పెర్సియస్ లాంటి చోట 100 కోట్ల ఏళ్ల లోపే చల్లారిపోవాలి, ఏడాదికి కొన్ని వందల సూర్యులంత గ్యాస్ చల్లబడి నక్షత్రాలు పుట్టాలి. చూస్తే అంత పుట్టట్లేదు. ఏదో మళ్లీ మళ్లీ వేడి చేస్తోంది, అది మధ్యలో గెలాక్సీలో ఉన్న బ్లాక్ హోల్. పెర్సియస్ మధ్యలో ఎన్‌జీసీ 1275 ఉంది, దాని జెట్లు గ్యాస్‌ని తోసి పెద్ద పెద్ద బుడగలు ఊదాయి, వాటి చుట్టూ అలలు కూడా చంద్రకి కనిపించాయి, 2003లో చెప్పారు, అది ధ్వనే, ఒక్కో అలకీ మధ్య దాదాపు కోటి ఏళ్లు, పియానో మధ్య సి కి 57 ఆక్టేవ్‌లు కింద బీ ఫ్లాట్. నాసా వాళ్లు వినిపించిన గూ.... అనే సౌండ్ వైరల్ అయింది కదా, అది మన చెవికి వినపడేలా పైకి పెంచింది.

ఆ గ్యాస్ లోపల ఎంత కలబడుతోందో నేరుగా కొలిచింది జపాన్ వాళ్ల హితోమి, 2016 ఫిబ్రవరిలో వెళ్లింది, పెర్సియస్ కేంద్రంలో సుడుల స్పీడు సెకనుకి 164 కిలోమీటర్లు అని తేల్చింది, అనుకున్నదానికన్నా చాలా ప్రశాంతం. మార్చిలోనే కంట్రోల్ తప్పి గిరగిరా తిరిగి ముక్కలైపోయింది పాపం. దాని తమ్ముడు ఎక్స్‌రిజమ్ 2023 సెప్టెంబర్లో వెళ్లింది, డిటెక్టర్ ముందు ఉన్న తలుపు తెరుచుకోలేదు, అయినా తక్కువ ఎనర్జీ ఎక్స్-రేలు తప్ప మిగతావి తలుపు దాటి వస్తాయి కాబట్టి పని నడుస్తోంది.

ఖోడద్ రోడ్:

లేటుగా వచ్చా. అందరూ ఎక్స్-రేల గురించే రాశారు, రేడియో సంగతి ఒక ముక్క. పుణె దగ్గర నారాయణ్‌గావ్ పక్కన జీఎమ్‌ఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్ ఉంది కదా, 45 మీటర్ల డిష్‌లు 30, దాంతో ఇలా ఢీకొన్న క్లస్టర్ల మీద చాలా పని జరిగింది. ఢీకొన్నప్పుడు ఆ గ్యాస్‌లో కొన్ని ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగం దాకా ఎక్కుతాయి, గ్యాస్‌లో మైక్రోగాస్ లెవెల్లో, అంటే చాలా బలహీనంగా, మాగ్నెటిక్ ఫీల్డ్ ఉంటుంది, దాని చుట్టూ తిరుగుతూ రేడియోలో వెలుగుతాయి, క్లస్టర్ మధ్యలో మసకగా పరుచుకుంటే హేలో అంటారు, అంచున విల్లులా ఉంటే రెలిక్. ప్రశాంతంగా ఉన్న క్లస్టర్లలో ఆ పెద్ద హేలోలు దాదాపు కనపడవు, కాబట్టి రేడియోలో చూస్తే ఈ మధ్య కాలంలో ఎవరు ఎవర్ని గుద్దారో తెలిసిపోతుంది.

మనవాళ్లకి ఎక్స్-రేలతో కూడా సంబంధం ఉంది, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు టీఐఎఫ్ఆర్ (ముంబై టాటా పరిశోధన సంస్థ) బెలూన్ ఫెసిలిటీ నుంచి ఎక్స్-రే డిటెక్టర్లు కట్టి పెద్ద బెలూన్లు వదిలేవాళ్లు, మాస్టారు చెప్పిన గాలి అడ్డం దాటాలంటే అంత ఎత్తుకి పోవాల్సిందే. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోప్ కూడా టీఐఎఫ్ఆర్ వాళ్లు చేసిందే. పెన్నగట్టు అంటే నెల్లూరేగా, ఆ రాకెట్ మీ మిద్దె మీంచి కనపడి ఉంటది.

పెన్నగట్టు:

నెల్లూరేనండీ, రాకెట్లు చూస్తూనే పెరిగాం, అందులో ఏముందో ఎప్పుడూ అడగలేదు. సరే ఇదంతా చదివాక ఒక క్లస్టర్‌ని కళ్లారా చూడాలనిపిస్తోంది. మా ఫ్రెండు దగ్గర 6 అంగుళాల టెలిస్కోప్ ఉంది, కోమా కనపడుతుందా?

ఖగోళం మాస్టారు:

కోమా 6 అంగుళాలకి కష్టం, దూరం 32 కోట్ల కాంతి సంవత్సరాలు, అందులో పెద్దవి రెండు గెలాక్సీలు ఎన్‌జీసీ 4889, 4874 కనపడాలన్నా చీకటి ఆకాశమూ 8, 10 అంగుళాలూ ఉంటే మేలు. మీరు విర్గో క్లస్టర్‌తో మొదలుపెట్టండి, 5 కోట్ల కాంతి సంవత్సరాల పైచిలుకే. చైత్ర వైశాఖాల్లో అమావాస్య దగ్గర రోజులు చూసుకుని రాత్రి తొమ్మిది, పది గంటలకి ఊరి దీపాలకి దూరంగా వెళ్లండి. సింహరాశి తోక దగ్గర ఉత్తర ఫల్గుణి (డెనెబోలా) నక్షత్రం తెలుసుగా, దానికీ కన్యారాశిలో విండెమియాట్రిక్స్ అనే చుక్కకీ మధ్యలో సుమారు సగం దూరంలో టెలిస్కోప్ పెట్టి మెల్లగా తిప్పితే మసక మచ్చలు వరసగా వస్తాయి. అందులో గుండ్రంగా, మధ్యలో కాస్త వెలుగుగా ఉండేది ఎం87, 2019లో బ్లాక్ హోల్ ఫోటో వచ్చింది దాని మధ్యలోదే. గ్యాస్ కనపడదు, ఆశ పెట్టుకోకండి.

గోదారోడు:

మాస్టారూ బైనాక్యులర్స్‌తో అవుతదా?

ఖగోళం మాస్టారు:

10x50 ఉంటే, బాగా చీకటి ఉంటే, ఎం87 చుక్క మసగ్గా తగులుతుంది. చెయ్యి వణక్కుండా స్టాండుకి బిగించండి.